రవ్వయ్య మిగులు

నల్లగుట్ట కొండ పెద్దలకు, ఎర్రబోడు కొండ లోపలి ఆరో మెట్టు వీధి నుంచి ఉలప్ప దండాలు పెట్టి రాస్తున్న ఉత్తరం.

నా రాత కోడి కెలికినట్టు ఉంటుంది. మన్నించాలి. మా వీధి బడిలో పలక మీద నేర్చుకున్న అక్షరాలే నావి. సుత్తి పట్టిన చేతిలో కలం నిలవడం లేదు. తప్పులుంటే మీరే దిద్దుకుని చదువుకోండి. నలుగురిలో నాకు మాట రాదు, అందుకని రాస్తున్నాను. ఏ రోజు సంగతి ఆ రోజు రాసి పెట్టి, ఉప్పు బళ్ళు మీ వైపు తిరిగి వెళ్ళేటప్పుడు పంపుతాను.

మీది మా తల్లి కొండ. మీ మాట మా పెద్దలు వింటారు. మీ కొండలోకీ మా దగ్గరున్నట్టే ఇనుము అచ్చు పోసే యంత్రం వచ్చిందని ఉప్పు బండి అతను చెప్పాడు. అందుకే మీకు.

తమ్ముడు పోయిన మర్నాడు

మా తమ్ముడు రవ్వయ్య నిన్న పోయాడు. యంత్రం దగ్గర నిలబడి పిడి లాగుతూ లాగుతూ పక్కకు ఒరిగాడట. గుండె అన్నారు. నాకంటే చిన్నవాడు. నా వేలు పట్టుకునే నడక నేర్చుకున్నాడు.

మా దగ్గర ఆచారం రాస్తాను. మీ దగ్గర వేరుగా ఉంటే మీకే తెలుస్తుంది. ఎవరు పోయినా వాళ్ళ చేతి పని ఏదో ఒకటి సగంలో ఆగి ఉంటుంది. దాన్ని మిగులు అంటాం. ఇంటివాళ్ళలో ఒకరు ఆ మిగులు పూర్తి చేయాలి. పెద్దలు పరీక్షిస్తారు. కత్తి అయితే తెగాలి, కుండ అయితే నీళ్ళు నిలవాలి. పరీక్షకు నిలిస్తే పోయినవాడి పని ముగిసినట్టు. అప్పుడే అతన్ని రాతిలో పడుకోబెట్టి మూస్తారు. అప్పటిదాకా ఆ ఇంటి తలుపు మూయకూడదు, పొయ్యి వెలిగించకూడదు. పోయినవాడి భార్య గడప పక్కన చాప మీదే కూర్చోవాలి, పడుకోవాలి.

మామూలుగా ఇది ఒకటి రెండు పూటల పని. మా నాన్న మిగులు ఒక కొడవలి. పిడి వేయడమే తక్కువ, నేను వేశాను. మా అమ్మ మిగులు ఒక రోలు. చెల్లెలు తొలిచి పూర్తి చేస్తే, దాంట్లో నూరిన పచ్చడి వీధంతా తిన్నారు.

రవ్వయ్య పనిబల్ల మీద ఏమీ లేదు.

పెద్దలు వచ్చిన రోజు

కొండ పెద్ద నాపయ్య, గడ్డం నడుముకి చుట్టుకుని, ఇంకో ఇద్దరు పెద్దలతో వచ్చాడు. మరదలు సీసమ్మ గడప పక్కన కూర్చుని ఉంది. వాళ్ళు ఆమెను దాటుకుని లోపలికి వచ్చారు.

"ఏమయ్యా ఉలప్పా, మిగులేది?"

నేను బల్ల వైపు చూశాను.

"బల్ల కాదయ్యా నేనడిగేది."

"యంత్రం దగ్గర చేసేవాడండీ."

"అయితే మిగులు ఆడనే ఉంటది. పోయి తెచ్చుకో. మిగులు లేకుండా రాయి తెరిస్తే ఎట్టా? సగంలో ఆగినోడు యాడ ఆగినాడో తెలియకపోతే రాతిలో వాడికి నిద్ర పడుతుందా?"

ఎదురింటి సుద్దమ్మ రొట్టెల పిండి చేతులతోనే వచ్చి నిలబడింది. ఆమె ఎవరికీ భయపడదు.

"నాపయ్యన్నా, యంత్రం తెద్దామని చెయ్యెత్తిన రోజున ఇది తోచలేదా నీకు?"

"నువ్వు పోయి రొట్టెలు చేసుకోమ్మా."

"చేస్తాలే. సగం కాలినాక పోతా. నాకన్నా మిగులుండనీ."

ఎవరూ నవ్వలేదు. రవ్వయ్యను చల్లగుహకు మోసుకెళ్ళారు. ఆ గుహలో మాంసం కూడా చెడదు. దాని తాళం నాపయ్య దగ్గరే ఉంటుంది.

యంత్రం దగ్గరికి పోయిన రోజు

యంత్రం ఉన్న గుహలోకి నేను ఇదివరకు పోలేదు. మనకు రెండింతలుండే పొడుగువాళ్ళు పైనుంచి దాన్ని ముక్కలుగా తెచ్చి ఇక్కడ బిగించారు. మా గుమ్మాలు దానికి చాలలేదు. ఒక పక్క కరిగిన ఇనుము పోస్తారు, ఒకరు పిడి లాగుతారు, ఇంకో పక్క తొట్టిలో తలుపు బందు పడుతుంది. నేను బతుకంతా చేసింది తలుపు బందులే. ఒక్కోటి ఒక్కో రోజు పట్టేది.

అక్కడి మేస్త్రీ తగరయ్య. మర్యాద తెలిసిన మనిషే. నాకు పీట వేశాడు.

"మిగులా? ఈడ మిగులుండదు పెద్దాయనా. మిగలకుండా చేసేదానికే గదా దీన్ని తెచ్చింది."

"ఆఖరిగా లాగినప్పుడు..."

"లాగినాడు. బందు తొట్లో పడింది. తర్వాతే ఆయన పడినాడు. ముందు బందే పడింది, నా కళ్ళతో చూసినా. పని మాత్రం ఎక్కడా ఆగలేదులే."

నాకు ధైర్యం చెబుతున్నానని అనుకున్నాడు పాపం.

రవ్వయ్య నిలబడే చోట అప్పటికే ఇంకొకడు నిలబడి పిడి లాగుతున్నాడు. నేల మీద పాదాల గుర్తులు అరిగి ఉన్నాయి. అవి రవ్వయ్యవి. ఈ కొత్తవాడు వాటిలోనే కాళ్ళు పెట్టుకున్నాడు.

సున్నాలు వేసే రోజు

వీధంతా గోడలకు సున్నం వేసుకుంటున్నారు. రవ్వయ్య ఇంటికి వేయకూడదు. నేనూ సీసమ్మా ఇల్లంతా వెతికాం. ఆమె గడప దాటకూడదు గానీ, పని ఉంటే ఇంట్లో తిరగొచ్చు. సగంలో ఉన్నది ఏదైనా సరే, అతని చేతిది దొరికితే చాలు.

దొరకలేదు. దువ్వెన పళ్ళన్నీ సమంగా ఉన్నాయి. దీపపు కుందికి మెరుగు పెట్టి ఉంది. చెంబు అడుగున అతుకులు కూడా నున్నగా ఉన్నాయి. అన్నీ యంత్రం రాకముందు చేసినవే.

"మునుపు ఇంటికొచ్చినా ఆయన చేతులు ఊరుకొనేవి కావు బావగారూ. అన్నం తింటా తింటా గరిటె వంకర సరిజేసేవాడు. యంత్రం వచ్చినాక ఒళ్ళో పెట్టుకోని కూర్చునేవాడు. ఎవురివో చేతులు అద్దెకు తెచ్చుకున్నట్టు."

ఆమెకు దగ్గు పట్టింది. పైగాలి దిగడానికి తవ్విన గాలిబావి నుంచి వచ్చే చలిగాలి నేరుగా ఆ గుమ్మంలోకే కొడుతుంది. లోపల నిప్పు లేదు. తలుపు వేయడానికి లేదు.

నాకు ఒక చెడ్డ ఆలోచన వచ్చింది. పీట కాలు ఒకటి ఊడదీసి, ఇదే మిగులు అని చెబితే? దొంగ మిగులు పెట్టినవాడిని పోయాక రాతిలో పెట్టరు, బయట ఎండకు వదిలేస్తారు. అయినా పీట తిరగేసి పట్టుకున్నాను.

"ఊడదు బావగారూ. ఆయన బిగించింది" అంది సీసమ్మ.

నిజంగానే ఊడలేదు.

గాలి తిరిగిన రోజు

రవ్వయ్య సంగతి కొండంతా పాకింది. జనానికి భయం పట్టుకుంది. యంత్రం దగ్గర చేసేవాళ్ళు ఇప్పుడు ఇళ్ళలో చాలామందే. ఎప్పుడు ఎవరు పడిపోతారో తెలియదు. అందుకని ప్రతివాడూ ఏదో ఒకటి మొదలుపెట్టి సగంలో వదిలేస్తున్నాడు.

సీసమ్మకు వేడినీళ్ళు తేవడానికి బాల్చీ కావలసి కంచయ్య దగ్గరికి పోయాను. బాల్చీ ఉంది. అడుగు లేదు.

"అడుగు వెయ్యి కంచయ్యా."

"వెయ్యను మామా. అది నా మిగులు. నాకేమన్నా అయితే మా బామ్మర్ది వేస్తాడు."

"ఇంకోటి లేదా?"

"ఉంది. అది మా ఆడదానిది."

మంగలి నా గడ్డం సగం అల్లి దువ్వెన కింద పెట్టేశాడు. మిగతాది రేపు చూద్దాం అన్నాడు. రేపటి సంగతి ఏమో, ఈ రోజంతా సగం గడ్డం అల్లుకుని సగం విరబోసుకుని తిరిగాను. ఆ వీధిలో నాలాంటి వాళ్ళు ఇంకా ఉన్నారు. ఒకరినొకరు చూసుకుని తల దించుకుని పోయాం.

సుద్దమ్మ ఇంకో సంగతి చెప్పింది. నాపయ్య ఇంట్లో పట్టుగుడ్డలో చుట్టిన చెక్క గరిటె ఒకటి ఉందట. సగం చెక్కి ఉందట. యంత్రం కొండలోకి దిగిన రోజే చెక్కి పెట్టుకున్నాడట. మిగతా పెద్దల ఇళ్ళలోనూ అంతే. వాళ్ళకు ముందే తెలుసు. మాకు ఎవరూ చెప్పలేదు.

వేడినీళ్ళు సుద్దమ్మ ముంతతోనే నాలుగు మాట్లు మోసింది.

గంధకయ్య వచ్చిన రోజు

యంత్రం దగ్గర రవ్వయ్య పక్కన ఇనుము పోసే గంధకయ్య వచ్చాడు. సీసమ్మ గడపకు అవతలే కూర్చున్నాడు.

"వదినా, నాకు నిద్ర పట్టడంలా. అన్న ఆ రోజు ఒక కత చెబతా చెబతా పడిపోయినాడు. మామగారు ఏమన్నాడో తెలీలా."

"ఏ మామగారు?" అంది సీసమ్మ.

ఆ యంత్రం మోతలో కూడా రవ్వయ్య రోజుకో కత కట్టి చెప్పేవాడట. చేతులకు పని లేక నోటితో కట్టేవాడేమో. నాకు తెలియదు. ఆఖరి కత ఇది. పొడుగువాడు ఒకడు మన పిల్లను ఇష్టపడి, పిల్లనివ్వమని అడగడానికి కొండలోకి వస్తాడు. మొదటి గుమ్మం దగ్గర తల వంచుతాడు. రెండో గుమ్మం దగ్గర నడుము వంచుతాడు. ఆ తర్వాత మోకాళ్ళ మీద. మామగారి గది చేరేసరికి నాలుగు కాళ్ళ మీద పాకుతూ, వీపు మీద పెళ్ళి సామాన్ల మూటతో లోపలికొస్తాడు. మామగారు కంచం ముందు నుంచి తలెత్తి చూసి, కూతురితో అంటాడు...

"అంటాడు అని పిడి లాగినాడు. అంతే. పడిపోయినాడు" అన్నాడు గంధకయ్య.

సీసమ్మ నా వైపు చూసింది. నేను ఆమె వైపు చూశాను.

సగంలో ఆగింది. అతనిదే. మిగులు.

నాపయ్య ఇంటికి పోయిన రోజు

నేను ఒక్కడినే వెళితే నోరు పెగలదని సుద్దమ్మ వెంట వచ్చింది. చెప్పిందంతా ఆమే.

"మాట పనెట్టా అవుతుంది? చేతిలో ఉండేది పని. నోట్లో ఉండేది గాలి" అన్నాడు నాపయ్య.

"అట్టయితే నువ్వు పుట్టినకాడి నుంచి చేసిందేందన్నా? నీ చేతిలో సుత్తి చూసినోళ్ళు ఈ కొండలో ఒక్కరన్నా ఉండారా?"

నాపయ్య మొహం ఎర్రబడింది. పట్టుగుడ్డ మూట వెనక గూట్లో కనిపిస్తూనే ఉంది. నేను దాన్ని చూడడం ఆయన చూశాడు. అప్పుడు తగ్గాడు.

"సరే. సభ పెడతాం. ఉలప్పే చెప్పాల, తోడబుట్టినోడు గాబట్టి. పరీక్షకు నిలవాల. కత్తికి తెగడం ఎట్టాగో దీనికి నవ్వడం అట్టాగే. జనం నవ్వకపోతే పని చెడినట్టే. అంతే."

సరే అన్నాను. నేను పుట్టినప్పటి నుంచి ఎవరినీ నవ్వించలేదు. పెళ్ళిలో కూడా నా మాటలు మా తమ్ముడే చెప్పాడు.

రాత్రి తిండి మానేసి పుట్టగొడుగుల మళ్ళ దగ్గర కూర్చుని చెప్పుకుంటూ ఉన్నాను. మామగారు ఏమంటాడు? రవ్వయ్య ఏం అనిపించేవాడు? మిగులు పూర్తి చేసేవాడు పోయినవాడి చెయ్యి పడినట్టే చేయాలి, తన చెయ్యి కనబడకూడదు. కొడవలికి అది తేలికే అయింది.

సభ రోజు

మిగులు సభ పోయినవాడి గుమ్మం ముందే జరగాలి. వీధి నిండిపోయింది. సీసమ్మ గడప పక్కన కంబళి కప్పుకుని ఉంది. దగ్గు ఆపుకోవడానికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెద్దలు ముందు వరుసలో కూర్చున్నారు. ఆచారం ప్రకారం అందరూ గడ్డాలకు తెల్లగుడ్డ చుట్టుకున్నారు.

నేను నిలబడ్డాను. గంధకయ్య మంచినీళ్ళు ఇచ్చాడు. మొదలుపెట్టాను. మొదటి గుమ్మం, రెండో గుమ్మం. నేల చూస్తూనే చెప్పాను. మోకాళ్ళు, పాకడం, మూట. మామగారు తలెత్తి చూశాడు. కూతురితో అన్నాడు:

"గాడిదను ముందు పంపినాడు, బాగానే ఉందిగానీ, పెళ్ళికొడుకు ఏడమ్మే?"

ఎవరూ నవ్వలేదు.

తల ఎత్తి చూశాను. అప్పుడు అర్థమైంది. తెల్లగుడ్డ గడ్డానికి చుట్టినచోట నవ్వకూడదు. పోయినవాడు వినేచోట నవ్వితే వాడు లేచి వెనక్కి వస్తాడని మా పాతమాట. పుట్టినప్పటి నుంచి మాకందరికీ తెలిసిన సంగతే. నవ్వితేనే మిగులు నిలుస్తుంది, మిగులు సభలో నవ్వకూడదు. ఈ రెండూ ఒప్పుకునే నాపయ్య సభ పెట్టాడు. ఈ రెండూ తెలిసే మేమూ వచ్చాం. ఒక్కరికీ తోచలేదు. నాపయ్యకు తోచిందో లేదో నేను చెప్పలేను.

నవ్వు రాక కాదు. కంచయ్య తెల్లగుడ్డ నోట్లో కుక్కుకున్నాడు. మంగలి గోడ వైపు తిరిగిపోయాడు, భుజాలు ఎగురుతున్నాయి. నాపయ్య గడ్డం కొస కూడా అదురుతోంది, నేను చూశాను. పళ్ళతో కరిచి పట్టుకున్నాడు.

అంతలో గడప దగ్గర నుంచి నవ్వు వినిపించింది.

సీసమ్మ. కొంగు జారిపోయింది. పగలబడి నవ్వింది. కళ్ళ నీళ్ళు కారుతున్నాయి. నవ్వు దగ్గయింది, దగ్గు మళ్ళీ నవ్వయింది. "ఆయనే, బావగారూ! ఆయన అన్నట్టే ఉంది!" అంది.

నాపయ్య లేచాడు. గడ్డం నోట్లో నుంచి తీసి తీర్పు చెప్పాడు. జనం నవ్వలేదు గాబట్టి మిగులు చెడింది. పోయినవాడి భార్య సభలో నవ్వింది గాబట్టి మైల నియమం చెడింది. ఆమె గడప దగ్గర మొదటి రోజు నుంచి మళ్ళీ కూర్చోవాలి.

"నవ్వితే చాలన్నావు గదన్నా, ఆ పిల్ల నవ్వింది గదా!" అని సుద్దమ్మ అరిచింది.

"ఇంటిదాని నవ్వు లెక్కకు రాదు. సొంత కుండ కారలేదని కుమ్మరి చెబితే నమ్ముతామా?"

అందరూ తలలూపారు. ఆచారం తెలిసిన మాటే అన్నాడు. నవ్వు ఆపుకున్నవాళ్ళే తలలూపారు.

నేను లోపలికి పోయాను. సీసమ్మను చాపతో సహా లోపలికి జరిపాను. తలుపు పట్టుకున్నాను. నాపయ్య "ఉలప్పా!" అన్నాడు. అంతమంది ముందు నేను అన్నది ఒక్కటే మాట.

"చలిగా ఉంది" అన్నాను.

తలుపు మూశాను. పొయ్యి వెలిగించాను.

ఆ తర్వాత

మాతో ఎవరూ మాట్లాడడం లేదు. నీళ్ళ దగ్గర నాకు దారి ఇస్తారు. గౌరవం కాదు, తాకుతానని. గంధకయ్యను యంత్రం దగ్గర మందలించారట, ఇప్పుడు మా వైపు రాడు. యంత్రం గుహలో కతలు చెప్పకూడదని కూడా కొత్తగా కట్టడి చేశారు.

సుద్దమ్మ మాత్రం తలుపు తట్టి వస్తుంది. మొదటిరోజు వచ్చి, "పర్లేదే, ఈ తలుపు మూసుకుంటుంది కూడా" అంది. రొట్టెలు పెట్టి పోయింది.

సీసమ్మకు దగ్గు తగ్గింది. కానీ పొయ్యి దగ్గర కూర్చున్నా సుఖం లేదు ఆమెకు. "నేను వెచ్చగా ఉండాను, ఆయన్ని చల్లగుహలో పెట్టుకోని" అంది నిన్న. తమ్ముడిని రాతిలో పెట్టరు. తలుపు మూసినందుకు రేపు పోయాక నన్నూ పెట్టరు, ఆమెనూ పెట్టరు. నాకు బాధ లేదు. పెట్టినా పెట్టకపోయినా తెలిసేది కాదు. ఆమెకు బాధ. రవ్వయ్య పక్కన చోటు ఆమె ఎప్పుడో తొలిచి పెట్టుకుంది.

యంత్రం పిడి ఇంకా లాగుతూనే ఉన్నారు. తొట్టి నిండా తలుపు బందులే. తలుపులు చేసేవాళ్ళు సగంలో వదిలేశారు గనక బందులు వేయడానికి తలుపులు లేవు.

ఉప్పు బళ్ళు కదిలే రోజు

బండి అతను కింద పిలుస్తున్నాడు. తొందరగా ముగిస్తాను.

పెద్దలారా, నేను అడిగేది ఒక్కటే. నోటితో చేసినది పని అవునా కాదా? తల్లి కొండ అవునంటే నాపయ్య చల్లగుహ తాళం తీయక తప్పదు. కాదంటే కాదని రాయండి, ఇక వెతకడం మానేస్తాం.

ఇంకోటి. సీసమ్మ రాయమంది. మామగారి మాట దగ్గరికి వచ్చినప్పుడు మీలో ఎవరికైనా నవ్వొచ్చిందా? మీరు ఇంటివాళ్ళు కారు. మీ గడ్డాలకు తెల్లగుడ్డ లేదు. మీ నవ్వు లెక్కకు వస్తుంది. ఒక్కరు నవ్వినా చాలు, పేరు రాసి, కింద మీ కొండ ముద్ర వేసి పంపండి.

రాకపోతే రాలేదని రాయండి. అబద్ధం వద్దు. మా తమ్ముడికి అబద్ధపు పని గిట్టదు.

జవాబు త్వరగా పంపండి. ఈ బళ్ళు మళ్ళీ వచ్చేలోపు ఆమెకు ఏం చెప్పాలో నాకు తెలియడం లేదు.

ఉలప్ప